ఆమె మట్టి మీద రాయి

నా సమాధి కట్టడం పూర్తయింది. నేను ఇంకా మెట్టుగూడలోనే ఉంటున్నాను. పొద్దున లేచి టీ పెట్టుకుంటున్నాను, కరెంటు బిల్లు కడుతున్నాను. అక్కడ నల్ల గ్రానైటు మీద నా పేరు, పేరుకు ముందు రెవరెండ్, కింద పుట్టిన తేదీ చెక్కారు. తేదీ పక్కన చిన్న గీత. గీత పక్కన ఖాళీ.

ఆ ఖాళీని చూసి నేను భయపడలేదు. పాస్టరుగా పని చేసినవాణ్ణి, సమాధులు నాకు కొత్త కాదు. నాకు వచ్చింది కోపం. ఇప్పటికీ ఉంది. చల్లబడ్డాక రాయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. చల్లబడితే ఇది ఇంకోలా రాస్తాను, అందరూ మంచివాళ్ళే అని రాస్తాను. అందరూ మంచివాళ్ళే. అదే కదా నా బాధ.

నా భార్య పోయిన ఏడాది నవంబరు చివర్లో చనిపోయింది. చనిపోయింది అనే రాస్తున్నాను. మా చర్చిల్లో ఆ మాట ఎవరూ వాడరు. ప్రభువు దగ్గరికి వెళ్ళారంటారు, మహిమలో ఉన్నారంటారు, నిద్రించారంటారు. నేనూ మైకు ముందు అవే మాటలు వాడాను. ఇంట్లో మాత్రం ఆమె వాడనిచ్చేది కాదు. ఆమెది మెదక్ వైపు పల్లె. నేను భోజనం దగ్గర ఫలానా పెద్దాయన నిద్రించారని చెబితే కంచంలో చెయ్యి ఆపేది.

"సచ్చిపోయిండని చెప్పుండ్రి. నిద్రపోతె పొద్దుగాల లేస్తడు గద."

మాకు పిల్లలు లేరు. అందువల్ల సంఘంలో ప్రతి ఒక్కరూ ఆమెను అమ్మగారు అన్నప్పుడు ఆ మాటకు కొంచెం ఎక్కువ బరువు ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లో తినకుండా వెళ్ళినవాళ్ళు తక్కువ. పురుళ్ళకు ఆమె వెళ్ళేది, పెళ్ళి చూపులకు ఆమె వెళ్ళేది, శవానికి చీర కట్టడానికీ ఆమే వెళ్ళేది. తిరిగొచ్చి స్నానం చేసి, పెరట్లో కూర్చునేది.

ఆ పెరడు ఎప్పుడూ మాది కాదు. పాస్టరుకు సొంత ఇల్లు ఉండదు. సంఘం ఇచ్చిన ఇంట్లో ఉంటాడు, నాలుగైదేళ్ళకు బదిలీ వస్తే గిన్నెలు సర్దుకుంటాడు. ప్రతి ఊళ్ళోనూ ఆమె దిగిన వారంలోపే ఏదో ఒకటి నాటేది. కరివేపాకు, బొప్పాయి, మందారం. ఒక ఊళ్ళో నాటిన జామ తొలి పిందెలు వేస్తుండగా మాకు బదిలీ అయింది. తరువాత వచ్చిన పాస్టరుగారి భార్య, పండ్లు చాలా తీయగా ఉన్నాయని మంచి మనసుతోనే కబురు పంపింది. ఆ కబురును నా భార్య చివరిదాకా మరచిపోలేదు. ఇంకో ఊళ్ళో మా వెనక వచ్చినాయన కారు పెట్టుకోవడానికి పెరడంతా గచ్చు చేయించాడు. రిటైరయ్యాక మెట్టుగూడలో రెండో అంతస్తులో అద్దెకు దిగాం. ఇక బాల్కనీలో కుండీలే ఆమె పొలం.

చలికాలం పొద్దున్నే ఇద్దరం నడకకు వెళ్ళేవాళ్ళం. నాకు మంకీ క్యాపు, ఆమెకు నా పాత స్వెటరు. రైల్వే క్వార్టర్స్ పక్కన గోడ వెంబడి పాత చెట్లున్నాయి, కానుగ, వేప, నిద్రగన్నేరు. చలిలో శబ్దం దూరం వస్తుంది కాబట్టి స్టేషన్‌లో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెట్ల కింద నిలబడే వినవచ్చు. ఆమె చెట్ల పైకి చూసేది కాదు. ఆమె చూపంతా నేల మీదే. గోడ వారన మొలిచిన ప్రతి గడ్డిపోచ దగ్గరా ఆగేది. ఆగినప్పుడల్లా నేను నాలుగడుగులు ముందుకు వెళ్ళి నిలబడేవాణ్ణి. చలి మొదలవగానే ఒక బూడిదరంగు పిట్ట వస్తుంది, సన్నగా ఉంటుంది, నడుస్తూ తోకను కిందికీ పైకీ కొట్టుకుంటుంది. దాని పేరు నా పుస్తకంలో ఉంది. ఆమె తోకాడించేది అనేది, అంతే. మొదటిసారి అది కనిపించిన రోజు మాకు చలికాలం మొదలు.

బోయిగూడ దాటాక మా సమాధుల తోట దాకా నడిచి వెనక్కి తిరిగేవాళ్ళం. ఒకరోజు ఆమె గేటు లోపలికి వెళ్ళింది. నేనూ వెనక వెళ్ళాను. లోపల మట్టి కనిపించే చోటే లేదు. ఒక సమాధికి బాత్‌రూం టైల్స్, ఒకదానికి పాలరాయి, ఒకదానికి స్టీలు రెయిలింగు, దాని మీద రేకు కప్పు. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది.

"నా మీద బండ పెట్టియ్యకుండ్రి" అంది.

"ఇప్పుడెందుకు ఆ మాటలు?"

"ఎప్పుడు చెప్పాలె మరి, పోయినంకనా? జెర మట్టి దొరుకుతది నాకు ఈ ఒక్కసారి. దీన్ని సుత ట్రాన్స్‌ఫర్ చేస్తరా ఏంది?"

నేను నవ్వాను.

"నవ్వకుండ్రి. మాట ఇయ్యుండ్రి."

ఇచ్చాను. ఈ కథంతా ఆ మాట గురించే.

ఆమె పోయినప్పుడు సమాధుల తోట కమిటీవాళ్ళు నా సేవకు గౌరవంగా ఆమె పక్కన స్థలం కూడా నాకు వదిలారు. కృతజ్ఞతలు చెప్పాను. సమాధి కార్యక్రమం ఇప్పటి పాస్టరుగారు చేశారు, కుర్రవాడు, గుంటూరు వైపు నుంచి వచ్చాడు. పదవీ విరమణ చేసిన పాస్టరు తాను చివరగా పని చేసిన సంఘంలో ఏ కార్యక్రమమూ చేయకూడదనేది మా మర్యాద. కొత్తవాడి పనికి అడ్డు రాకుండా పెట్టుకున్న నియమం, మంచిదే. నేను ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

ఆ తరువాత ఏడాదంతా నేను చేసింది ఒక్కటే. ఏమీ చేయకపోవడం. ఏమీ నాటలేదు, ఏమీ పీకలేదు. వేసవిలో మట్టి కుంగి నెర్రెలు విచ్చింది. తొలి వానలకు ఒక మూల నుంచి గరిక వచ్చింది. తరువాత గడ్డి చామంతి. దసరా నాటికి తుమ్మి మొక్కలు మోకాలి ఎత్తు లేచి తెల్లగా పూశాయి, వాటి మీద చిన్న చిన్న తేనెటీగలు. రోజూ పొద్దున వెళ్ళేవాణ్ణి. పక్కనున్న నా ఖాళీ స్థలంలో నిలబడి చూసేవాణ్ణి. ప్రార్థన చేసేవాణ్ణని అందరూ అనుకుని ఉంటారు. నేను గడ్డిని చూస్తూ ఉండేవాణ్ణి. నా అలమరలో దుఃఖం గురించి రాసిన పుస్తకాలు ఒక అర నిండా ఉన్నాయి. రాసినవాళ్ళలో చాలామందికి ఓదార్పు దగ్గరికి చేరాలనే తొందర. ఒకరిద్దరే దారిలో ఆగిపోయారు. ఈ ఏడాది వాళ్ళనే చదివాను. మిగిలినవి ఎవరికైనా ఇచ్చేస్తాను.

నవంబరు మొదట్లో మావాళ్ళు సమాధులు శుభ్రం చేసుకుని, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ సాయంత్రం స్త్రీల సమాజం అధ్యక్షురాలు నా పక్కకు వచ్చి నిలబడింది. ఆమె రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. నా భార్యకు అందరికన్నా దగ్గరి మనిషి. చివరి వారాల్లో ఒళ్ళు తుడిచిందీ, పక్కబట్టలు మార్చిందీ ఆమే. ఆమె రుణం నేను తీర్చలేను, ముందే చెబుతున్నాను.

"అయ్యగారూ, ఏందిది, గింత గడ్డి మొలిచింది? పీకిపిద్దమా?"

"వద్దమ్మా. ఆమెకు ఇదే ఇష్టం."

"అమ్మగారు ఏనాడన్నా తనకోసం ఏమన్నా అడిగిందా? అన్నీ వద్దనే అన్నది. మీరు సుత గంతే."

"నిజంగానే వద్దమ్మా."

ఆమె నా మోచేతి మీద తట్టి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా సంఘాల్లో పాస్టరు వద్దనడం, సంఘం ఇవ్వడం ఒక పద్ధతి. శాలువా తెస్తే పాస్టరు ఎందుకమ్మా ఇవన్నీ అంటాడు, వాళ్ళు కప్పుతారు. పుట్టినరోజు కేకు వద్దంటాడు, వాళ్ళు తెస్తారు. వద్దని అనకపోతే ఆశపోతు అంటారు. అన్నాక ఇవ్వకపోతే సంఘానికి ప్రేమ లేదంటారు. ఇన్నేళ్ళూ ఆ ఆట అందరం ఒప్పుకునే ఆడుకున్నాం. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఆ ఆటలో నా నోటి వద్దు అనే మాట అరిగిపోయింది. దాన్ని నిజంగా వాడాల్సి వచ్చిన రోజున అది పని చేయలేదు. నేను ఎంత గట్టిగా వద్దంటే వాళ్ళకు అంత పెద్ద రాయి కావాలని వినిపించింది.

నవంబరు నడిమిలో నా కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. దుమ్ములోకి వెళ్ళొద్దని, నల్ల కళ్ళద్దాలు తీయొద్దని డాక్టరు చెప్పాడు. ఇంట్లోనే ఉన్నాను. స్త్రీల సమాజంవాళ్ళు వంతులు వేసుకుని అన్నం పంపారు. పప్పు, ఏదో ఒక కూర, ఒకరోజు తలకాయ మాంసం. తెచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. పండుగ రోజులు వస్తున్నాయి, క్రిస్మస్ పాటల కేరల్స్‌కు ఏదో ఏర్పాటు చేస్తున్నారనుకున్నాను.

డాక్టరు సరేనన్న మరునాడు పొద్దున్నే బయలుదేరాను. చలి ముదిరింది. గోడ మీదికి వాలిన కొమ్మల ఆకులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఎన్నాళ్ళ తరువాతో నేల మీది గడ్డిపోచల అంచులు చూశాను. తుమ్మి పూలు అయిపోయి ఉంటాయా, విత్తనం పట్టి ఉంటుందా అని ఆలోచిస్తూ గేటు దాటాను. మా వరసలో ఏదో మెరుస్తోంది. దారి తప్పాననుకుని వెనక్కి వచ్చి మళ్ళీ వరసలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను.

రెండు స్థలాలనూ కలిపి ఒకే అరుగు. కింద ఇటుక కట్టుబడి, పైన నల్ల గ్రానైటు, అద్దంలా సానపట్టింది. తల వైపు నిలువు రాయి. ఎడమ సగంలో ఆమె పేరు, ఒక బైబిలు వాక్యం, ఒక పలక మీద ఆమె ఫోటో. చర్చి జూబిలీ రోజున ఎండలో కళ్ళు చిట్లించుకుని ఉన్న ఫోటో. ఆ చిట్లింపు తీసేశారు. ఆమెది చామనఛాయకన్నా ఒక పాలు ఎక్కువ, నలుపే అనవచ్చు. రాయి మీద ఆమెను గోధుమరంగు చేశారు. పెదవులకు రంగు వేశారు. ఆమె మెడలో ఎన్నడూ లేని గొలుసు ఒకటి ఉంది. కుడి సగంలో నేను. పేరు, తేదీ, గీత. ఆ తేదీ కూడా బడిలో చేర్చినప్పుడు మాస్టారు వేసింది. అసలు తేదీ మా అమ్మకే గుర్తులేదు.

వంగి చూస్తే రాతిలో నా ముఖమే కనిపించింది, నల్ల కళ్ళద్దాలతో. పక్క నుంచి ఒక మేస్త్రి వచ్చి, "పాలిష్ మంచిగొచ్చింది కదా సార్? ఇంక జెర మైనం రుద్దాలె" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా బోయిగూడ సందులో అధ్యక్షురాలి ఇంటికి నడిచాను. ఆమె వాకిట్లో గులాబీ పువ్వుల పిండివంట చేస్తూ అచ్చు నూనెలో ముంచుతోంది. నన్ను చూసి ముఖమంతా వెలిగింది.

"చూసిండ్రా? అయ్యో, అప్పుడే చూసిండ్రా! అమ్మగారి ఏడాది జ్ఞాపకార్థ కూడిక రోజు చూపిద్దమనుకున్నం, బట్ట కప్పుదమని. గా మేస్త్రికి బుద్ధి లేదు."

"ఎందుకు చేశారమ్మా? వద్దన్నాను కదా."

"మీరు ఎప్పుడు వద్దనలే? పోయిన క్రిస్మస్‌కు శాలువ వద్దంటిరి. కప్పినంక కప్పుకోలేదా?"

"శాలువా వేరు."

"అమ్మగారి సమాధి మీద పిచ్చి గడ్డి మొలిస్తె మాకు ఎట్లుంటది? పక్క సంఘమోళ్ళు వచ్చి, పాస్టరమ్మగారిని గిట్ల వదిలేసిండ్రా అని అడిగిండ్రు. తల కొట్టేసినట్టయింది మాకు. పిల్లలు లేరని వదిలేస్తమా? మేం కామా పిల్లలం?"

"ఆమె రాయి పెట్టించొద్దని నాతో చెప్పింది. నేను మాటిచ్చాను."

"మాతోటి చెప్పలే" అంది ఆమె.

నూనె పొగ వస్తోంది. స్టవ్ కట్టేసింది.

"మరి నాది? నాకెందుకు?"

"కలిపి చేపిచ్చినం. మళ్ల మళ్ల పని పెట్టుకోవద్దని. తర్వాత తెచ్చిన రాయి దీనితోటి కలవదన్నడు మేస్త్రి, రంగు తేడా వస్తదంట. మీకు పరేషాన్ లేకుంట మీది సుత అయిపాయె."

నవ్వు రావలసిన మాట. నా భార్య ఉంటే పడీపడీ నవ్వేది. నాకు నవ్వు రాలేదు. "నా పరేషానీ తగ్గిందమ్మా, ఇక చావడమొక్కటే మిగిలింది" అన్నాను. అలాంటి మాట నా నోట ఆమె ఎప్పుడూ వినలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఆగలేదు.

"ఆ గడ్డి ఏం చేశారు?"

"ఏ గడ్డి?"

"ఆమె మీద ఉన్న గడ్డి."

"గడ్డిని ఏం జేస్తరయ్యగారూ? చెక్కి మూలకు పారేసిండ్రు."

మళ్ళీ సమాధుల తోటకు వెళ్ళాను. వెనక గోడ మూల చెత్త వేస్తారు, వాడిన దండలు, పేపరు ప్లేట్లు, కొవ్వొత్తి ముక్కలు. వేళ్ళతో సహా ఒక గడ్డ దొరికినా బాల్కనీలో కుండీలో పెట్టుకుందామనుకున్నాను. ఆ మూలంతా బూడిద. చలి కాచుకోవడానికి ఎవరో పొద్దున్నే చెత్త పోగేసి కాల్చారు. కర్రతో కెలికాను. దండల తీగలు తగిలాయి. అంతే.

ఆ రోజు ఇంటికి వచ్చాక నాలో నేను గట్టిగా మాట్లాడుకున్నాను. కోపం నాకు అలవాటు లేదు. పాస్టరు కోప్పడడు, బాధపడతాడు. కోపం వచ్చినా దానికి బాధ అనే పేరు పెట్టి, ప్రార్థన మనవుల్లో కలిపేస్తాడు. ఆ రోజు అలా పేరు మార్చలేదు. ఈ సంఘం ఆమె ఆదివారాలన్నీ తీసుకుంది. ఆమె చేతి వంట తీసుకుంది, మోకాళ్ళు తీసుకుంది, ఆమె నాటిన ప్రతి చెట్టూ తీసుకుంది. ఆమె ఇష్టంగానే ఇచ్చింది, అది వేరే సంగతి. తనకని అడిగిందల్లా మనిషి పొడుగు మట్టి. అది కూడా వీళ్ళ ప్రేమకు అడ్డొచ్చింది.

రెండు రోజుల తరువాత పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. నేను రిటైరయ్యేముందు మేము ఉన్నది ఆ ఇంట్లోనే. ఆయన ఎదురొచ్చి కుర్చీ వేసి, నేను చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు. మంచి కుర్రవాడు.

"మీ బాధ నాకు అర్థమైందండీ అయ్యగారూ. కానీ స్త్రీల సమాజమంతా ఎంతో భారంతో, ప్రేమతో చేసిన పనండీ. ఇప్పుడు తీసేస్తే సంఘం సాక్ష్యం దెబ్బతింటుంది."

"రాయి తీస్తే సాక్ష్యం ఎలా దెబ్బతింటుంది?"

"అంటే, బయటివాళ్ళు మనలో మనకు పడలేదనుకుంటారండీ. అయినా కమిటీ ఒప్పుకోవాలి. నేనొక్కణ్ణి చెప్పలేను. మీకు తెలియంది కాదు." కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని, "అమ్మగారు మీ భార్యగారే, కాదనను. కానీ సంఘానికి తల్లి కదండీ" అన్నాడు.

నేను లేచాను. గుమ్మం దగ్గర ఆగి అడిగాను.

"నేను సంఘానికి తండ్రినా?"

"ఎంత మాటండీ, అందులో అనుమానమేముంది?"

"అది కాదు. నా సగం రాయి ఎవరిది?"

"మీ సగం మీదేనండీ. మీరు ఉన్నారు కదా" అన్నాడు.

జ్ఞాపకార్థ కూడిక రోజు షామియానా వేశారు. మైకు, కుర్చీలు, సమోసా, కేకు ముక్క, టీ. రాయి మీద తెల్ల బట్ట కప్పారు. నేను చూశానని అందరికీ తెలుసు, అయినా కప్పారు. పాటలు పాడారు. ముగ్గురు నలుగురు లేచి ఆమె గురించి చెప్పారు. ఒకామె తన పురిటినాడు నా భార్య మోసుకొచ్చిన మెంతి కషాయం గురించి చెప్పి ఏడ్చింది. అది విన్నప్పుడు మాత్రం నాకు కోపం లేదు. తరువాత పాస్టరుగారు బట్ట తీశారు. చప్పట్లు కొట్టారు. సమాధి దగ్గర చప్పట్లు నేను మొదటిసారి విన్నాను. చివరి ప్రార్థన పెద్దాయన చేస్తారని మైకు నా చేతికి ఇచ్చారు.

నేను ప్రార్థన చేయలేదు. మైకు పక్కకు పెట్టి, మామూలుగా మాట్లాడాను. "మీరు ప్రేమతో చేశారు. దానికి వందనాలు. ఆమె రాయి వద్దంది. ఆమె సగం తీయడానికి కమిటీ ఒప్పుకోదని తెలుసు, ఆ గొడవ పెట్టను. కుడి సగం నాది. నేను బతికే ఉన్నాను. అది తీయించి మట్టి వదిలేస్తాను. మేస్త్రితో నేనే మాట్లాడుకుంటాను. మీరు ఎవరూ ఏమీ చేయొద్దు."

సమోసా కవర్ల చప్పుడు ఆగిపోయింది. అప్పుడు స్త్రీల వరసలోంచి అధ్యక్షురాలు లేచింది. ముఖం ఎర్రబడి ఉంది.

"మంచిది. తీపియ్యుండ్రి. మీరు పోయినంక మేమే మళ్ల పెట్టిస్తం."

"మీరు నాకన్నా ముందు పోతే?"

"నేను యాడికి పోత? మిమ్ముల సాగనంపే పోత."

వెనక ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. పాస్టరుగారు గబగబా ముగింపు దీవెన చెప్పేశాడు.

మేస్త్రికి నా మాట నచ్చలేదు. "ఫస్ట్ క్లాస్ మాల్ సార్ ఇది. కోస్తే పగుల్తది. మళ్ల ఏ పనికి రాదు" అన్నాడు. పగలనీ అన్నాను. నడిమిన గీత గీసి కటింగ్ మిషన్ పెట్టాడు. నీళ్ళు పోస్తూ కోసినా నల్ల దుమ్ము లేచింది. నేను నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. నా పేరున్న ముక్క నిలువుగా రెండుగా విరిగింది. గీత ఒక ముక్కలో, తేదీ ఒక ముక్కలో. గోడ వారకు చేర్చమన్నాను. కింద ఇటుకలు, సిమెంటు, ఇసుక. అవన్నీ తీయించేసరికి మధ్యాహ్నమైంది. పైమట్టిని కట్టుబడికి ముందే చెక్కేశారు, అడుగున మొరం. ఎప్పుడూ తవ్వని నేల, గునపం దిగలేదు. నేను ఊహించుకున్నది ఇది కాదు. నల్లటి మెత్తటి మట్టి ఉంటుందనుకున్నాను.

కోసిన అంచు దగ్గర ఆమె వైపు ఇటుక వరస ఒకటి ఊడి పడింది. రాతి కింద చెయ్యి పట్టేంత సందు ఏర్పడింది. మోకాళ్ళ మీద కూర్చుని లోపల చూశాను. అది ఆమె మీది మట్టి, తవ్వి పూడ్చింది, వదులుగా ఉంది. అందులో గరిక వేళ్ళు కనిపించాయి, తెల్లగా, దారపు పోగుల్లా. పైన చెక్కేసినా అడుగున మిగిలాయి. బతికున్నాయో లేదో నాకు తెలియదు. గరిక పక్కకు పాకుతుందని మాత్రం తెలుసు. మేస్త్రి సిమెంటు కలపబోయాడు.

"అక్కడ పూడ్చకు" అన్నాను.

"సార్, తెరిచి ఉంటె ఆ పక్క రాయి కుంగుతది."

"కుంగనీ."

అతను నా వైపు వింతగా చూసి తాపీ కడుక్కున్నాడు. ఆ సందులోకి వదులు మట్టి చేత్తో తోసి, అలాగే వదిలేశాను.

డిసెంబరు అయిపోతోంది. ఇళ్ళ మీద క్రిస్మస్ నక్షత్రాలు వేలాడుతున్నాయి. రోజూ పొద్దున అదే దారిలో వెళుతున్నాను. తోకాడించే పిట్ట ఈ ఏడాది ఆలస్యంగా వచ్చింది, గ్రానైటు మీద నడవలేక జారి, మొరం మీదికి దిగింది. నాకు నిలబడే ఓపిక లేనప్పుడు ఆమె రాయి మీద కూర్చుంటున్నాను. చాలా చల్లగా ఉంటుంది. ఫోటో వైపు వీపు పెట్టి కూర్చుంటాను. నేను ఇచ్చిన మాట సగమే నిలబడింది. ఆ సగం కూడా ఆమెది కాదు, నాది. మొరంలో ఏదీ మొలవలేదు. వానలు వచ్చేదాకా మొలవదు.

నిన్న పొద్దున అధ్యక్షురాలు వచ్చింది. కూడిక తరువాత మేం మాట్లాడుకోలేదు. స్వెటరు మీద శాలువా కప్పుకుని, చేతిలో నీళ్ళ సీసాతో వచ్చి, పలకరించకుండా నా సగం అంచున నిలబడింది. మూత తిప్పింది.

"పోయకండమ్మా" అన్నాను.

"నీళ్ళు వొయ్యకుంటె ఏం మొలుస్తది?"

"మొలిస్తే మొలుస్తుంది. ఎవరూ ఏమీ చేయొద్దు."

ఆమె సీసా వైపు చూసింది, నా వైపు చూసింది. మూత బిగించింది. ఒంపుతుందేమో అనుకున్నాను, ఒంపలేదు. నేను వద్దంటే ఆమె ఆగడం అదే మొదటిసారి. వచ్చి రాయి మీద నాకు కొంచెం ఎడంగా కూర్చుంది. ఆ నీళ్ళు తనే తాగింది.

"కోపం పోయిందా అయ్యగారూ?"

"లేదమ్మా."

"నాకు సుత పోలే" అంది.

స్టేషన్‌లో ఏదో రైలు ప్లాట్‌ఫారం మారిందని చెబుతున్నారు. ఇద్దరం కాసేపు మొరం వైపు చూస్తూ కూర్చున్నాం.